కొస లాగని ముడి

నా చిన్నప్పుడు నేను ఏ పిల్లనైనా మనసారా అసహ్యించుకున్నానంటే మా ఎదురింటి పిల్లనే. ఆమె నాకేం చెడు చేయలేదు. చేసి ఉంటే ఇంత కడుపుమంట ఉండేది కాదేమో. బడిలో ఆమె మొదలు, నేను రెండు. మూడో తరగతిలో అంతే, నాలుగులో అంతే, ఏడో తరగతికి వచ్చినా అంతే. మాది సిరిసిల్ల దగ్గర నేతపని చేసే సాలోళ్ల ఊరు. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా ఆమె ఇంటి అరుగే కనిపించేది. ఆ అరుగు మీద ఆమె తల్లి బీడీలు చుడుతూ ఉండేది, పక్కన ఈమె బీడీలకు దారం చుడుతూ, ఒడిలో పుస్తకం పెట్టుకుని చదువుతూ ఉండేది. అది చూసి మా బాపు మగ్గం గుంటలోంచే అనేవాడు: “సూడు బిడ్డా, పని జేస్కుంటనే ఎట్ల సదువుతుందో.” నేనూ మగ్గానికి నూలు కండెలు చుడుతూనే చదివేదాన్ని. అది మాత్రం మా బాపు కంటికి ఆనేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన రోజులవి. ఏడో తరగతికి అప్పుడు పబ్లిక్ పరీక్ష ఉండేది. ప్రశ్నపత్రం మా సారు రాసేది కాదు. ఎక్కడో అచ్చయి, లక్క సీలు వేసిన కవరులో వచ్చేది. మేము రాసిన కాగితాలు కూడా ఎక్కడికో పోయి, మమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి చేతిలో పడేవి. వాటి మీద పేరు రాయకూడదు, నంబరే రాయాలి. ఈ సంగతి మా పెద్ద సారు చెప్పినప్పుడు నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఆమె ఎవరో, నేనెవరో తెలియని మనిషి దిద్దుతాడంటే ఈసారి మొదటి స్థానం నాదే కదా అనుకున్నాను. మా సార్లంతా ఆమెను చూసి మురిసిపోయి మార్కులు వేస్తున్నారని నా గట్టి నమ్మకం. బాసర అమ్మవారికి మొక్కుకున్నాను కూడా. నేను మొదలు రావాలని ఒక్కటే మొక్కితే సరిపోయేది, ఆమె రెండో స్థానంలోనే ఉండాలని కూడా కలిపి మొక్కాను.

దాని వెనక ఇంకో సంగతి ఉంది. మా బడిలో ఎవరు మొదలు వస్తే వాళ్లకు కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో సీటు ఇప్పిస్తామని పెద్ద సారు అన్నాడు. ఉన్నది ఒక్క సీటే. నాకు అది రాకపోతే సిరిసిల్లకు నడిచి వెళ్లి చదువుకుంటాను, మా బాపు ఆ మాట ముందే ఇచ్చాడు. ఆమెకు రాకపోతే ఆమె చదువు ఆ అరుగు మీదే ఆగిపోతుంది. తండ్రి బొంబాయి దగ్గరి భీవండి మిల్లుకు పోయి ఏళ్లయింది, తల్లి ఒక్కతే. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ సీటు నాకే కావాలనుకున్నాను.

పరీక్ష మొదటి రోజు సారు సీలు కవరును పైకెత్తి అందరికీ చూపించాడు. సీలు పగలలేదని ఇద్దరు పిల్లలు సాక్షి సంతకాలు పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరిగా ఆమెనే పిలిచాడు. నేను సుద్దతో నా నంబరు రాసిన చోట నేల మీద కూర్చుని, ముందు కూర్చోబోయే ఆమె కోసం ఖాళీగా ఉన్న జాగాను చూస్తూ ఉండిపోయాను. నంబర్ల వరుసలో ఆమె సరిగ్గా నా ముందు. మూడు గంటలు ఆమె రెండు జడలు చూస్తూ రాయాలి.

అయితే నాకూ ఒక పని దొరికింది. కవర్లతోపాటు కాగితాలు కట్టుకునే దారం రాలేదు. సారు మా ఇంటి నుంచి నూలు తెప్పించాడు. అది సన్నటి నూలు, మామూలుగా ముడి వేస్తే జారిపోతుంది. మగ్గం మీద పోగు తెగినప్పుడు వేసే చిన్న ముడి ఒకటి ఉంది, దాన్ని వేసి కొస గట్టిగా లాగితే ఇక ఊడదు. మా ఇంట్లో మాట వచ్చే వయసుకే ఆ ముడి వస్తుంది. అందుకని రాయడం అయ్యాక సారు ముందరే నేను వరుసలో తిరుగుతూ అందరి కాగితాలూ కట్టేదాన్ని. ఎవరైనా అదనపు కాగితాలు తీసుకుంటే వాటి మీద నంబరు ఉండదు, నంబరంతా మొదటి కాగితం మీదే. “దారం ఊడితే ఆ కాగితం ఎవరిదో దేవునికే తెల్వాలె, జర గట్టిగ కట్టు” అని సారు రోజూ చెప్పేవాడు. కట్టిన కాగితాలన్నీ గాడా అనే ముతక గుడ్డలో పెట్టి కుట్టి, పైన లక్క వేసేవారు. ఆ కుట్టే పని కూడా మా బాపుదే. గుడ్డ మాది, సూది మాది. పొద్దుటి మగ్గం ఆపి మరీ వచ్చేవాడు.

రెండో రోజు లెక్కలు. నేను గబగబా చేస్తున్నాను. ఇంతలో ముందు జడలు కదిలాయి. “సార్, ఇంకో కాయితం.” నేనింకా మొదటి కాగితాలే నింపలేదు. కాసేపటికి మళ్లీ “సార్, ఇంకోటి.” మూడోసారి ఆమె లేచినప్పుడు నా చేతిలోని లెక్క తప్పిపోయింది, కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. చివరి లెక్క చేయకముందే గంట కొట్టారు.

ఆ కోపంతోనే లేచి దారం పట్టుకున్నాను. అందరివీ కట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాను. ఆమె మూడు అదనపు కాగితాలు నా చేతిలో పెట్టి, వేళ్లకు అంటిన సిరా గౌనుకు తుడుచుకుంటూ “లెక్కలు మంచిగొచ్చినయి గదా?” అని నవ్వింది. నేను దారం దూర్చాను. ముడి వేసినట్టే వేశాను. కొస మాత్రం లాగలేదు. రెప్పపాటు పని. సారు చూడలేదు, ఆమె చూడలేదు. కాగితం పక్కకు పెట్టి తరువాతి పిల్లవాడి దగ్గరికి పోయాను.

బాపు వచ్చి గుడ్డ పరిచాడు. కట్టలను అందులో పెట్టే ముందు అలవాటుగా ఒక్కో ముడి మీద వేళ్లు ఆనించి పోనిచ్చాడు. మగ్గం ఎక్కించే ముందు పోగులను అట్లాగే తడిమి చూస్తాడు, కళ్లతో చూడడు. ఒకచోట ఆయన వేళ్లు ఆగిపోయాయి. ఆయన నావైపు చూడలేదు. సారు “ఏమైందయ్యా?” అని అడిగితే “ఏం లేదు సార్, దారం జారింది” అని తనే మళ్లీ ముడి వేసి, కొస లాగి, కుట్టడం మొదలుపెట్టాడు. ఇంటికి పోయాక కూడా ఒక్క మాట అనలేదు. తిడతాడేమోనని చూసి చూసి, ఆయనకు తెలియలేదని నన్ను నేనే నమ్మించుకున్నాను.

మూడో రోజు సాంఘికం. పరీక్ష మొదలయ్యే ముందు సారు నాతో కొత్త మాట చెప్పాడు. “ఎవరి కాయితాలు వాళ్లు కట్టుకోవద్దు. నువ్వు అందరివి కట్టు. నీవి మాత్రం నీ ముంగట కూసున్న పిల్ల కడ్తది. మీ బాపే చెప్పిండు, గట్లయితే మంచిదని.”

ఆ మూడు గంటలు నేను ఏం రాశానో ఇప్పటికీ చెప్పలేను. గోదావరి ఎక్కడ పుట్టిందో రాస్తూ కూడా ఆమె వేళ్లనే చూశాను. ఆమెకు తెలిసిపోయిందని, పగ తీర్చుకుంటుందని నాలో నేనే కథ అల్లుకున్నాను. నా కడుపులో ఉన్నదే ఆమె కడుపులోనూ ఉంటుందనుకున్నాను. వేరేగా ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. ఆ రోజు రెండు అదనపు కాగితాలు నేనూ తీసుకున్నాను. గంట కొట్టాక ఆమె వచ్చి నా కాగితాలు అందుకుంది. దారం దూర్చి, నాలుగు చుట్లు చకచకా చుట్టి, కొసను లోపలికి దోపి, తెంపేసింది. ముడే వేయలేదు. నా కళ్ల ముందే.

సారుతో చెప్పబోయి ఆగాను. ఏమని చెప్పను? బాపు గుడ్డ పరిచినప్పుడు ఆయన వేళ్లనే చూశాను. ముడుల మీదుగా సాఫీగా పోయాయి, నీళ్లు నిండిన నా కళ్లకు నా కాగితాల దగ్గర అవి ఆగినట్టు కనబడలేదు. కట్ట కుట్టేశారు, లక్క వేసేశారు. నా గోదావరి, నా కాకతీయులు ఎక్కడో దారిలో ఊడిపోతారని ఏడుపు ఆపుకుంటూ ఇల్లు చేరాను. బాపు మగ్గంలో కూర్చోగానే ఆ ఏడుపు ఇక ఆగలేదు.

“బాపూ, అది నా కాయితాలకు ముడి వెయ్యలే. కావాల్నే వెయ్యలే.”

ఆయన నాడె ఆపలేదు. అటు ఇటు నాలుగైదుసార్లు విసిరాక అన్నాడు: “కావాల్నని ముడి వెయ్యకుంట ఎవలన్న ఉంటరా బిడ్డా?”

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. నేను మగ్గం కర్ర పట్టుకుని నిలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. మా అవ్వ, అంటే అమ్మ, పొయ్యి దగ్గరి నుంచి “ఏమైంది?” అంటే ఆయనే “ఏం లే, పరీచ్చ ఫికరు” అన్నాడు.

తరువాత మగ్గం ఆపి, నెమ్మదిగా చెప్పాడు. “ఆ పిల్లకు బీడీ కట్టుడే వచ్చు. దానికి ముడి ఉండదు, చుట్టి దోపుడే. గదే చేసింది. నువ్వు సాలోళ్ల ఇంట్ల పుట్టినవు. నీకు ముడి వచ్చు.” అంతే. ఆ రెండో మాటకు వెనక ఏం ఉందో విడమరిచి చెప్పలేదు. రానివాడు వదులుగా కట్టడం వేరు, వచ్చినవాడు వదులుగా కట్టడం వేరు. అది పన్నెండేళ్ల పిల్లకు కూడా అర్థమైంది. “నీయి నేను కట్టిన. నిన్న ఆ పిల్లయి సుత కట్టిన. పోయి బువ్వ తిను.”

మరునాడు పొద్దున్నే నేను వీధి దాటాను. ఆ వీధి దాటడం నాకు ఎంత కష్టమైందో చెబితే నవ్వుతారు, పది అడుగులు లేదు. ఆమె చాట ముందు కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. నిన్న ముడి వదులైందని, నూలుకు ఇంకో రకం ముడి ఉందని, నేర్పుతానని చెప్పాను. నేను చేసిన పని మాత్రం చెప్పలేదు. ఆమె ముఖం పాలిపోయింది. “అయ్యో, నీ కాయితాలు ఊడినయా?” అని నా చెయ్యి పట్టుకుంది. ఊడలేదు, మా బాపు కట్టాడని చెప్పాక గాని వదల్లేదు. దారం తీసి చూపించాను. నాలుగుసార్లు తప్పింది, ఐదోసారికి వచ్చేసింది. కొస లాగుతూ, తలెత్తకుండానే అంది: “మీ బాపు రోజు బడికొచ్చి నీ ముంగట కూసుంటడు. మా బాపు ఉత్తరం సుత రాస్తలేడు. నిన్ను సూస్తే నాకు మస్తు కుళ్లు పుడ్తది తెల్సా?” అని నవ్వేసింది.

నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్లుగా ఆమెను చూసి నేను కుళ్లుకున్నాను, ఆ మాట ఒక్కసారైనా పైకి అనలేదు. ఆమె అనేసింది, నవ్వుతూ. దాంట్లో కూడా నాకన్నా ముందే.

చివరి రోజు సైన్సు. ఆమె నా కాగితాలు కట్టింది, ఆమెవి నేను కట్టి కొస లాగాను, చాలదన్నట్టు ఇంకోసారి లాగాను. బాపు వేళ్లు మా రెండు కట్టల మీదుగా పోయి వెనక్కి వచ్చాయి. “గిది నువ్వు కట్టినవా?” అన్నాడు. కాదు, ఆమె కట్టిందన్నాను. “నీకంటె గట్టిగ కట్టింది” అన్నాడు. అబద్ధం ఎందుకు, కడుపులో భగ్గుమంది. మా ముడి, మా ఇంటి ముడి, నేను నేర్పిన ముడి.

ఆమే మొదలు వచ్చింది. ఎవరో తెలియని మనిషి, ఆమె పేరు తెలియకుండానే ఆమెకే ఎక్కువ వేశాడు. బస్సెక్కి కరీంనగర్ పోయిన రోజు ఆమె తల్లితోపాటు నేనూ స్టాండు దాకా పోయాను. ట్రంకు పెట్టెకు తాళం లేకపోతే తాడు బిగించి కట్టింది నేనే. నేను సిరిసిల్లలో చదివి, తరువాత ఆదిలాబాద్ వైపు పంతులమ్మగా పనిచేశాను. ఎన్ని ఏడో తరగతుల పరీక్షలకు సూపర్వైజరుగా నిలబడ్డానో లెక్కలేదు. పిల్లలు కట్టుకున్నా సరే, ప్రతి కాగితం ముడినీ కళ్లతో చూసేదాన్ని కాదు, వేళ్లతో తడిమేదాన్ని. ఆ రోజు నేను చేసిన పని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. కలిసినప్పుడల్లా చెప్పాలనుకుంటాను, ఆమె నవ్వు చూసి ఆగిపోతాను.

ఈర్ష్య తగ్గిందా అంటే తగ్గలేదు. పక్కింటి కోడలు బాగా వండినా, తోటి పంతులమ్మ పిల్లలు బాగా చదివినా, ఈ వయసులోనూ లోపల చురుక్కుమంటుంది. అది నా చేతిలో లేదని ఒప్పుకున్నాను. చేతిలో ఉన్నది కొస ఒక్కటే. అది మాత్రం ఆ రోజు తరువాత లాగకుండా ఏనాడూ వదలలేదు.