పొత్తుల బావి పక్కన బోరు

మా ఊళ్లో నన్ను ఇంజనీరు అంటారు. ఆ మాట మొదట పుట్టించింది నేనే. 1986లో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి సౌదీకి బయల్దేరినప్పుడు, బొంబాయిలో ఏజెంటు ఏం పని వచ్చని అడిగితే పంపు మెకానిక్‌నని చెప్పాను. అప్పటికి పంపు విప్పగా నేను చూసింది ఒకే ఒక్కసారి, అదీ పక్క ఊళ్లో గట్టు మీద నిలబడి. ఏడో తరగతి తప్పినవాడు గట్టు మీద నిలబడితే ఎంత వస్తుందో అంతే నాకొచ్చిన విద్య.

హుఫూఫ్‌లో ఖర్జూర తోటకు పంపారు. నన్ను పనికి పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, పేరు బూ జాసిం. నేను వెళ్లేనాటికే ఆయనకు డెబ్బై దాటాయి. కొడుకులిద్దరూ అల్ ఖోబర్‌లో ఆఫీసు కుర్చీల్లో ఉన్నారు, తోటకు వస్తే బూట్లకు మట్టి అంటుతుందని కారు దిగరు. నేను పంపు విప్పిన తీరు చూసి మొదటి రోజే ఆయనకు నా సంగతి అర్థమైపోయింది. తిట్టలేదు. పక్కన కూర్చుని ఒక్కొక్క బోల్టూ తనే చూపించాడు. నాకు పని నేర్పిన గురువు ఆయనే.

ఆ మొదటి వారంలోనే నన్ను తోట వెనక్కి తీసుకెళ్లి ఒక గుంట చూపించాడు. చుట్టూ రాతి కట్టు, దిగడానికి అరిగిన మెట్లు, అడుగున ఎండిన బురద పెచ్చులు. ఒకప్పుడు అది ఊట. తన చిన్నప్పుడు నీళ్లు వాటంతటవే పైకి ఉబికి కాలువల్లో పారేవట. ఏ తోటకు ఎంతసేపు నీళ్లో నీడను బట్టి వంతులుండేవట. ఆ తర్వాత పెట్రోలు పడింది. కుర్రాళ్లంతా కంపెనీ పనికి పోయారు, డబ్బొచ్చింది, కరెంటొచ్చింది, తోటకొక బోరు వచ్చింది.

"వంతు కోసం ఆగడం పేదవాళ్ల పని అనుకున్నాం నర్సీ. ఎవరి పంపు వాళ్లు పెట్టుకున్నాం. నీళ్లు ఒక్కో మెట్టే దిగుతూ పోయాయి. ఒక ఏడాది వచ్చి చూస్తే లేవు," అన్నాడు. చేత్తో నోటి దగ్గర తాగినట్టు చూపించి, పంపుల గది వైపు వేలు పెట్టాడు.

నేను అవునవునన్నట్టు ఐవా, ఐవా అని తలూపాను. లోపల మాత్రం, తోటకొక బోరున్న దేశమంటే ఇదీ అనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదాడు పాపం.

తొంభైలో కువైట్ గొడవ మొదలైంది. మా జిల్లావాళ్లు చాలామంది పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. నర్సింలుకు గుండె ధైర్యమెక్కువ అని మా ఊళ్లో ఈనాటికీ చెప్పుకుంటారు. నిజానికి నా పాస్‌పోర్టు బూ జాసిం పెట్టెలో ఉంది, అడిగే ధైర్యం లేక ఉండిపోయాను. ఆయన తన కొడుక్కి సర్కారు ఇచ్చిన విషవాయువు ముసుగు తెచ్చి నాకిచ్చాడు. పెట్టుకుంటే నా మీసాలు అడ్డొచ్చి అంచు అతకలేదు. మీసం తీసెయ్యమన్నాడు. "చస్తే మీసంతోనే చస్తా" అన్నాను. మర్నాడు సాయంత్రం సైరన్ మోగగానే బ్లేడు పట్టుకున్నాను. సగం గీకేసరికి ప్రమాదం లేదన్న సైరన్ మోగింది. ఒకపక్క మీసంతో బయటికొచ్చిన నన్ను చూసి, యుద్ధం మొదలయ్యాక మొదటిసారిగా బూ జాసిం పడీ పడీ నవ్వాడు.

తర్వాత కువైట్‌లో పెట్రోలు బావులు అంటుకున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మసి కురిసేది. ఉతికి ఆరేసిన బట్టలు, రొట్టెల పిండి, ఖర్జూర మట్టలు అన్నీ నల్లబడేవి. ఆ ఎండాకాలమంతా పైపు పట్టుకుని చెట్టుచెట్టునూ కడిగాను. పంపు ఆపింది లేదు. ఏడాది తిరక్కముందే బోరులో నీళ్లు అందలేదు. పైపులు అతికి మోటారును ఇంకా లోతుకు దించింది నేనే, తాడుతో కొలిచింది కూడా నేనే. అంటే నీళ్లు ఎట్లా జారిపోతాయో ఎవరో చెబితే విన్నవాణ్ని కాను, నా చేతులకే తెలుసు.

ఇన్ని తెలిసినవాణ్ని తొంభైరెండులో సెలవు మీద ఇంటికెళ్లి ఏం చేశానో చూడండి.

మాది పొత్తుల బావి. మా తాత తవ్వించింది. నాకూ, మా పెద్దబాపు కొడుకు యాదగిరన్నకూ చెరిసగం. రోజు విడిచి రోజు వంతు. మోట పోయి చిన్న కరెంటు మోటారు వచ్చినా వంతు తప్పలేదు. ఇద్దరికీ ఎకరం చొప్పున వరి, కొంచెం మిరప. నేను లేనప్పుడు నా మడి ఎండకుండా చూసిందీ అన్నే. నేను సౌదీ నుంచి వచ్చిన పెద్దమనిషిని కదా, వంతు కోసం ఆగడం నామోషీ అనిపించింది. బావికి ఇరవై గజాల దూరంలో బోరు బండిని నిలబెట్టాను.

యాదగిరన్న వచ్చి కాసేపు చూశాడు. "తమ్మీ, గింత దగ్గరనా? బాయి ఏమన్న అయితదేమో. అవుతలి మూలకు ఎయ్యరాదు?" అన్నాడు.

"అన్నా, నీకు తెల్వదు. సౌదీల తోటకొక్క బోరుంటది. కిందంత నీళ్లే. నేను ఇంజనీరును, నాకు చెప్తున్నవా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నీళ్లు ఎగజిమ్మాయి. కొబ్బరికాయ కొట్టాం. మా ఆవిడ గౌరవ్వ ఆ నీళ్లు దోసిట పట్టి తల మీద చల్లుకుంది. ఊరంతా చూసింది. నేను మీసం దువ్వుకుని విమానమెక్కాను.

తొంభైనాలుగులో గౌరవ్వ క్యాసెట్ వచ్చింది. ఉత్తరం రాయడం రాక మాటలు టేపులో పట్టి పంపేది. మామూలు ముచ్చట్లన్నీ అయ్యాక గొంతు తగ్గించింది. "ఇంటున్నవా? బాయి ఎండింది. మన బోరు పోస్తనే ఉంది గని, మీ అన్న మడి పర్రెలు పాసింది. ఆయన నన్నేమంటలేడు. గదే నాకు సిగ్గయితుంది. బాయి దిక్కు పోబుద్ధయితలేదు." తర్వాత అన్న గొంతు వచ్చింది. "తమ్మీ, నాకొక్క వీసా సూడు. ఏ పనైనా జేస్త."

నేను చేసిన పని తప్పని అప్పుడు నాకు తెలియదంటే అబద్ధం. తెలిసింది. అయినా ఆ తప్పును ఉపకారంగా మార్చుకునే దారి దొరికినందుకు సంబరపడ్డాను. బూ జాసింను బతిమాలి వీసా ఇప్పించాను. ఊళ్లో నా పేరు మార్మోగింది. సొంత తమ్ముడు కూడా చెయ్యడు, నర్సింలు చేసిండు అన్నారట. ఇల్లు కాల్చినవాడు చెంబుడు నీళ్లు తెచ్చినట్టుంది నా ఉపకారం.

అన్న బయల్దేరాడని తెలిశాక కానీ నాకు అసలు భయం పట్టుకోలేదు. తోట వెనక ఆ గుంట ఉంది. దాన్ని చూశాడంటే, నేను తెలియక కాదు, తెలిసే బోరు వేశానని ఆయనకు తెలిసిపోతుంది. అదొక్కటీ తెలియకపోతే చాలు. ఇంకేం తెలిసినా తల ఎత్తుకోగలను.

తొంభైఐదు చలికాలంలో అన్న దిగాడు. గౌరవ్వ పంపిన మామిడికాయ తొక్కు డబ్బాను విమానమంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. "నువ్వు లేకుంటే నా గతేంది తమ్మీ" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. మరుసటి రోజే తోట అంతా చూపించి, "అన్నా, ఆ ఎనుక దిక్కు పోకు. పాములుంటయి," అన్నాను. పాములంటే అన్నకు భయం. మూడు వారాలు అటు తొంగి చూడలేదు.

నాలుగో శుక్రవారం బూ జాసిం వచ్చాడు. కొత్తవాళ్లెవరొచ్చినా ఆ ఊట చూపించనిదే ఆయనకు తోచదు. నేను టీ అన్నాను, పంపు చెడిందన్నాను, కడుపునొప్పి అన్నాను. ఆయన అన్న చెయ్యి పట్టుకుని నడిచాడు. పాములున్నాయని అన్న చేత్తో పడగ పట్టి చూపి వెనకాడితే, నాకేసి వింతగా చూసి, "పాములా? ముప్పై ఏళ్లుగా నేను చూడలేదే," అన్నాడు.

గుంట దగ్గర నిలబడి అరబ్బీలో అదే కథ మొదలుపెట్టాడు. అన్నకు ఆ భాష రాదు. చెప్పాల్సింది నేను. "యుద్ధంల బాంబు పడి ఎండిందట," అన్నాను.

అన్న మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు మీదా నీళ్లు ఆగిన చార చేత్తో తడిమాడు. అడుగున కూర్చుని బురద పెచ్చు ఒకటి తీసి వేళ్లతో నలిపాడు. పైనుంచి బూ జాసిం చేత్తో తాగినట్టు చూపించి పంపుల గది వైపు వేలు పెట్టాడు. వ్యవసాయం చేసినవాడికి ఆ వేలు చాలు, దుబాసీ అక్కర్లేదు.

అన్న పైకొచ్చి నన్ను అడిగాడు. "గీ ముచ్చట నీకెప్పుడు చెప్పిండు?"

అబద్ధానికి నోరు తెరిచాను. రాలేదు. "నేనచ్చిన మొదటి వారమే," అన్నాను. "తిట్టన్నా. కొట్టు."

"తిట్టి ఏం జేస్త?" అన్నాడు. "బాయి ఎండినంక నేను గూడ రెండు బోర్లేసిన తమ్మీ. రెండిట్ల నీళ్లు పడలె, దుబ్బే లేసింది. నాకు చెప్పెటోడు లేకుండె. నీకుండె."

ఏడుపొచ్చింది. ఏడిస్తే అదీ నాటకమే అవుతుందని దిగమింగుకున్నాను. ఏమీ అర్థంకాని బూ జాసిం మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఖర్జూరాలు తినమని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తూర్పు వైపు చెట్లకు నీళ్లు పెట్టే వేళయింది.

"నా వీసా మీద ఏం పని రాసిన్రు?" అని అడిగాడు అన్న.

"పంపు నడపడం," అన్నాను.

"నడువ్ మరి, చూపెట్టు," అని ముందు నడిచాడు. స్టార్టర్ ఎక్కడ నొక్కాలో చూపించాను. నాకు వారం పట్టిన పని అన్న ఒక్క పూటలో నేర్చుకున్నాడు.