పైపుకో చోటు

నా భార్యకు పేగు ఆపరేషనైన తర్వాత రెండేళ్ళపాటు మేమిద్దరం నర్సీపట్నం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. కాని కడుపులో కదలిక వచ్చిందంటే ఐదు నిమిషాలు కూడా ఆగలేని పరిస్థితి ఆమెది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, బస్సెక్కాలంటే ముందురోజు నుంచే అన్నం మానేసేది. ఒకసారి కోటవురట్ల దగ్గర బస్సు ఆపించి, ముక్కూమొహం తెలియని వాళ్ళ తలుపు తట్టి, బాత్రూమ్ వాడుకోనిమ్మని అడగాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే, లోపలికి రమ్మన్నారు. బస్సులో వాళ్ళంతా ఆమె తిరిగొచ్చేదాకా కదలకుండా కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆమెను ఎక్కువ కుంగదీసింది. ఆ తర్వాత ఎస్. రాయవరంలో ఉన్న సొంత అక్కను చూడడానికి కూడా వెళ్ళనంది.

"ఫోన్లో రోజూ చూసుకుంటున్నాం కదండీ, చాల్లెండి" అనేది.

నేను గవర్నమెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఒక స్కూలువాళ్ళు పాత వ్యాను అమ్మేస్తున్నారని తెలిసి, ఆమెకు చెప్పకుండానే వెళ్ళి కొనేశాను. ఊళ్ళోనే లారీలకు బాడీ కట్టే షెడ్డుకి తోలించి, సీట్లన్నీ పీకించి, ఒక పక్క మంచం, ఇంకో పక్క చిన్న స్టవ్వు, వెనకమూల రైల్లో ఉండేంత మరుగుదొడ్డి కట్టించాను. దొడ్డి కింద బండికి బిగించిన ప్లాస్టిక్ ట్యాంకు. ఆ ట్యాంకు ఖాళీ చెయ్యడానికి పది అడుగుల ఆకుపచ్చ పైపు, పొలాల్లో మోటార్లకు తగిలిస్తారే, ఆ రకం.

"ట్యాంకు నిండితే ఈ పైపు తగిలించండి, రెండో కొస మీ సెప్టిక్ ట్యాంకులో పెట్టండి, వాల్వు తిప్పండి. అంతే" అన్నాడు షెడ్డు యజమాని.

పని అయిపోయాక ఆ పైపుని ఎక్కడ పెట్టుకోవాలో ఆయన చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు.

మొదటిసారి రోలుగుంట దగ్గర స్నేహితుడి జీడితోటకు వెళ్ళొచ్చాం. మా ఆవిడ వ్యాను దిగినప్పుడు ఆమె మొహంలో చాలాకాలం తర్వాత ఒక తేటదనం చూశాను. పెరట్లో మా సెప్టిక్ ట్యాంకు మూత తీసి అందులోకి అంతా ఖాళీ చేసి, పైపుని చుట్టి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి మంచం కిందకు తోశాను. మర్నాడు వ్యాను తలుపు తీసేసరికి లోపల అడుగు పెట్టలేకపోయాం.

రెండోసారి దాన్ని మెట్టు పక్కనున్న ఇనప డబ్బాలో పెట్టాను. మంచినీళ్ళు పట్టుకునే పైపు కూడా అందులోనే ఉండేది. మా ఆవిడ డబ్బా మూత తీసి చూసింది. నా వైపు తిరిగి, క్లాసులో పిల్లల్ని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది. "రెండూ ఒకే చోట పెట్టారు. ఇందులో ఏ పైపుతో నాకు తాగడానికి నీళ్ళు పడతారు?"

మంచినీళ్ళ పైపు పారేసి కొత్తది కొన్నాను.

మూడోసారి బండి పైన తాడేసి కట్టాను. గాలికి ఆరుతుంది, వాసన రాదు అనుకున్నాను. మెయిన్ రోడ్డు మీద స్పీడు బ్రేకరు దగ్గర తాడు జారి, పైపు ఒక కొస కిందికి వేలాడి, అందులో మిగిలినది ముందు అద్దం మీద కారింది. సంతరోజు, చుట్టూ జనం. నేను దిగి గుడ్డతో తుడుస్తుంటే మా ఆవిడ చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక కోప్పడలేదు.

"ఈ బండి నా కోసమే కొన్నారని నాకు తెలుసండి. కాని దీన్లో ఊరేగడం కన్నా ఇంట్లో కూర్చోవడమే మర్యాదగా ఉంది. నన్నింక ఎక్కమనకండి" అంది.

వ్యాను మీద టార్పాలిన్ కప్పేశాను. నెల రోజులు అది అలాగే ఉంది.

ఈలోగా మా ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండింది. దాన్ని తోడే లారీ ఆయనకు ఫోన్ చేశాను. అంతకు ముందు రెండుసార్లు పిలిచినవాణ్ణే, కాని రెండుసార్లూ ఆయన వచ్చేసరికి తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నాం. ఆయన మొహం ఎలా ఉంటుందో కూడా నాకు గుర్తులేదు. ఈసారి మా ఆవిడ పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

నలభై ఐదేళ్ళుంటాయి ఆయనకు. లారీ ఆయనదే, డ్రైవరూ ఆయనే. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు వేసుకుని పనిలోకి దిగాడు. ట్యాంకు తోడడం అయ్యాక, డ్రమ్ముతో తెచ్చుకున్న శుభ్రమైన నీళ్ళలో పైపు కొస ముంచి ఆ నీళ్ళు కూడా లాగించాడు. తర్వాత పైపు కొసను భుజం ఎత్తుకు లేపి, చేతిమీద చెయ్యి మార్చుకుంటూ లారీ దాకా నడిచాడు. లోపల మిగిలిందంతా లారీలోకి జారిపోయింది. అప్పుడు రెండు కొసలకూ మూతలు బిగించి లారీ పక్కనున్న కొక్కేలకు తగిలించాడు. మా పెరట్లో ఒక్క చుక్క పడలేదు.

"అలా ఎత్తి పట్టుకుని నడిచారెందుకండీ?" అని అడిగింది మా ఆవిడ.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తనతోనేనా అన్నట్టు. "లోపల నీరు నిలవుండిపోకూడదండమ్మా. పైపుది తప్పు కాదు, నిలవ నీటిది తప్పు. తడి పైపు సుట్ట సుట్టీసినారనుకోండి, మడత మడతకీ ఆగిపోతాది. ఆ తర్వాత దాన్ని ఎంత మంచి సంచిలో ఎట్టినా కంపే."

మా ఆవిడ నావైపు చూసింది. తర్వాత ఆయన్ని వ్యాను దగ్గరకు తీసుకెళ్ళి జరిగిందంతా చెప్పింది. తన జబ్బు సంగతి కూడా చెప్పింది. నాకు ఆశ్చర్యమేసింది. చుట్టాలకు కూడా చెప్పుకోని సంగతి అది. ఆయన నవ్వలేదు, అయ్యో పాపం అని కూడా అనలేదు. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా వ్యాను కిందకు దూరాడు. అక్కడ తట్టి ఇక్కడ తట్టి చూసి బయటికి వచ్చాడు.

"ఇటేపు సైలెన్సరుందండి, ఏడికి పైపు మెత్తబడిపోతాది. అటేపు ఖాళీ ఉంది. పొడుగ్గా పది అడుగులు వస్తాది. సుట్టక్కర్లేకుండా తిన్నగా పడుకోబెట్టీవచ్చు."

"నువ్వు చేసిపెడతావేటి?" అన్నాను.

"ఆదివారం వస్తాను సార్. బోర్లకి దింపే ఆరంగుళాల కేసింగు పైపు మా పక్కోళ్ళ సెరుకుతోటలో ముక్కొకటి మిగిలిపోయుంది. నాలుగంగుళాలదైతే సాలదు, లోపల దూర్చే మీ పైపు కొసలకి మూతలెడతాం కదా, అవి అడ్డొచ్చెస్తాయి."

ఆదివారం పొద్దున్నే నీలం రంగు కేసింగు పైపు మోపెడ్‌కి కట్టుకుని వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. పని మొదలుపెట్టే ముందు ఆ చొక్కా తీసి, మడతపెట్టి, మా గేటు మీద వేశాడు. కేసింగు ముందు కొసను మూసేసి, వెనక కొసకు తెరిచి మూసే మూత, గొళ్ళెం పెట్టాడు. అడుగున వరసగా బెజ్జాలు వేసి, ఎలుకలు దూరకుండా లోపల సన్నటి జల్లెడ పరిచాడు. ఇనపపట్టీలతో బండి కింద బిగిస్తూ వెనకవైపు ఒక అంగుళం దించాడు.

"వాలుండాలండి. మిగిలిన సుక్కేదైనా ఉంటే అదే దిగిపోతాది."

మంచినీళ్ళ పైపుకి మాత్రం బండికి రెండో పక్కన, ముందువైపు వేరే పెట్టె బిగించాడు. ఈ రెండింటినీ ఎప్పుడూ ఒకే చేత్తో ముట్టుకోవద్దని, తొడుగులు తీశాక సబ్బుతో కడుక్కున్నాకే అటు వెళ్ళాలని నాకు రెండుసార్లు చెప్పాడు.

తర్వాత నాకు పరీక్ష పెట్టాడు. వ్యాను ట్యాంకులో ఉత్త నీళ్ళు నింపించి ఖాళీ చెయ్యమన్నాడు. నేను వాల్వు కట్టేసి, బండి దగ్గర పైపు ఊడదీసి, సెప్టిక్ ట్యాంకు వైపున్న కొస పట్టుకుని లేపి బండివైపు నడిచాను. నీళ్ళన్నీ వెనక్కి వచ్చి నా కాళ్ళ మీద పడ్డాయి.

"అటేపు కాదు సార్. బండి కాణ్ణించి ఎత్తుకోండి, గొయ్యికేసి నడవండి. కంగారేటి, బేగి ఎల్లిపోవాల్సిన పనేటుంది మనకి?"

రెండోసారి కొంచెం ఒలికింది. మూడోసారి ఒలకలేదు. "ఇప్పుడు బాగుందా అండీ, మీరు చెప్పినట్టే చేశానా?" అని అడిగాను. అడిగాక గాని తెలియలేదు, ఆయన్ని 'మీరు' అన్నానని. మా ఆవిడ మొదటి మాట నుంచే అలా పిలిచింది. నాకు వారం పట్టింది.

ఆయన కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసి మూడుసార్లు కడుక్కున్నాడు. మా ఆవిడ మేం తాగే గ్లాసులోనే కాఫీ ఇచ్చి, కుర్చీ చూపించింది. కాసేపు నిలబడే ఉన్నాడు. మళ్ళీ చెప్పాక కూర్చున్నాడు.

"ఇంత శుభ్రం ఎవరు నేర్పారండీ?" అందామె.

"మా ఇంటిది, సేతులు వాసన సూసి గాని కంచం ఎట్టదండి" అని నవ్వాడు. తర్వాత గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. "లారీ కొన్నరోజే అనుకున్నానండి. పని కంపుదే, కాదనను. నా బండి సూసి మాత్రం ఎవలూ ముక్కు మూసుకోకూడదని."

ఆఫీసులో నా కింద, నా పైన ఎంతోమంది పనిచేశారు. తన పనిని అంత గౌరవంగా పట్టుకున్న మనిషిని నేను వాళ్ళలో చూడలేదు. నేనూ అలా పట్టుకోలేదు.

ఆ మరుసటి వారం టార్పాలిన్ తీసి ఎస్. రాయవరం బయలుదేరాం. దారిలో ఒకసారి మా ఆవిడ ఆపమంది. చెరుకుతోట పక్కన ఆపి, నేను దిగి రోడ్డువారన నిలబడ్డాను. ఆమె వెనక్కి వెళ్ళి తలుపేసుకుంది. పది నిమిషాల తర్వాత "పదండి" అంది, అంతే. రెండు రోజులున్నాం అక్కడ. అక్కాచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో తెలియదుగాని, మాటలు ఆగిన జాడే లేదు. రెండోరోజు సాయంత్రం వాళ్ళను వ్యానులో సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాను. చీకటి పడబోతుంటే, వెళ్దామని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

బయలుదేరే ముందు వాళ్ళ పెరట్లో సెప్టిక్ ట్యాంకులోకి బండి ట్యాంకు ఖాళీ చేశాను. కడిగి, ఎత్తి, నడిచి, మూతలు బిగించి పైపుని దాని గూట్లోకి తోశాను. ముక్కు మూసుకుందామని కొంగు పట్టుకుని నిలబడ్డ వదినగారు కొంగు వదిలేసింది.

"ఏటి మరిది గారూ, అయిపోనాదా? వాసనే రాలేదు" అంది.

మా ఆవిడ అక్కణ్ణించే లారీ ఆయనకు ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది. ఆయన ముందుగా, తొడుగులు వేసుకున్నారా అని నా సంగతే అడిగాడు. తర్వాత, "వానలు పడ్డాక ఒకపాలి మూత తీసి సూడమనండమ్మా సారుని. బెజ్జాలకి మట్టి పట్టీగలదు. ఉంటానండి, పనిమీదున్నాను" అన్నాడు.

మొదటి వానలు పడ్డ వారం నేను బండి కిందకు దూరి చూశాను. మూడు బెజ్జాలు మట్టితో పూడిపోయి ఉన్నాయి. పుల్లతో పొడిచి తీశాను.