గట్టు నడక మాన్పించిన ఉస్తాద్ గారు

మొన్న ఆదివారం పొద్దున్నే కొవ్వూరు నుంచి ఫోన్ వచ్చింది. "నాన్నగారు పోయారండి. నిద్రలోనే. మీకు చెప్పమని అమ్మ అంది." ఆయన కూతురు. ఆయన నాకు చుట్టం కాదు, ఇరుగుపొరుగూ కాదు. సైన్యంలో చేరిన కొత్తలో నాకు డ్రిల్ నేర్పిన హవల్దారు. శిక్షణ ఇచ్చేవాళ్లను అక్కడ ఉస్తాద్ అంటారు. తెలుగువాళ్లం మాత్రం చివర 'గారు' తగిలించకుండా ఉండలేకపోయేవాళ్లం.

తొంభైల చివర్లో పెనుగొండ దగ్గరి మా ఊరి నుంచి రిక్రూట్‌గా వెళ్లాను. పరుగెత్తమంటే పరుగెత్తాను, తాడు ఎక్కమంటే ఎక్కాను. నడవమంటేనే తేలిపోయాను. నవ్వకండి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వరిచేల గట్ల మీద తిరిగిన కాళ్లు నావి. ఒక పాదం ముందు ఇంకో పాదం, వేళ్లతో నేలను పట్టుకుంటూ, మడమ ఆనీ ఆనకుండా. బూట్లు వేసినా ఆ నడక పోలేదు. డ్రిల్‌లో మడమ నేలకు కొడితే చప్పుడు రావాలి. అందరి కాళ్లూ ధన్‌మంటుంటే నాది పిల్లి నడిచినట్టుండేది.

డ్రిల్ పరీక్ష తప్పితే ప్రమాణం చేసే పరేడ్‌లో మన బ్యాచ్‌తో నిలబడనివ్వరు. వెనక బ్యాచ్‌లోకి తోసేస్తారు. కొడుకు సిపాయి అయిపోయాడని నాన్న అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నాడు మరి.

మైదానంలో ఉస్తాద్ గారు హిందీలో తిడితే చెట్ల మీద పిట్టలు లేచిపోయేవి. ఒకరోజు నా నడక చూసి ఆగారు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, తెలుగులోకి దిగారు.

"ఏ ఊరండీ మీది?"

చెప్పాను.

"అదీ సంగతి! ఏంటండీ ఆ నడక? నెత్తిన నారుకట్ట పెట్టుకుని వెళ్తున్నారా?"

తెలుగులో 'అండి' లేకుండా ఆయనకు నోరు తిరిగేది కాదు. ఆ మర్యాద వింటే తిట్లకంటే ఎక్కువ భయమేసేది.

అప్పట్నుంచి ఆదివారాలు అందరూ బట్టలు ఉతుక్కుంటుంటే, నన్ను బారక్‌ల వెనక సిమెంటు రోడ్డు మీదికి తీసుకెళ్లేవారు. "నాకూ ఇదే జబ్బు ఉండేదండి. నేనూ గట్ల మీద పెరిగినవాణ్ణే. ఇక్కడ బురద లేదండి, జారదు. నేలను నమ్మి కొట్టండి" అనేవారు. పక్కనే నడిచి చూపించేవారు. ఎండలో, ఆ వయసులో, సెలవు రోజున, ఆయనకేం పని చెప్పండి? మడమలు వాచి నేను కూలబడితే క్యాంటీన్ నుంచి టీ తెచ్చి, "తాగండి. తాగి లేవండి" అనేవారు. లేవక ఛస్తానా!

పరీక్ష పాసయ్యాను. ఆ వారంలోనే ఆయన రిటైరయ్యారు. పెట్టె సర్దుకుంటుంటే వెళ్లి, ఊడ్పుల రోజులు కాబట్టి పరేడ్‌కి రాలేనని నాన్న కబురు పెట్టాడని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. "ఊడ్పులు ఆగవు కదండీ" అన్నారంతే. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది.

తర్వాత చాలా ఏళ్లు కొవ్వూరులో వాళ్లింటికి వెళ్తూనే ఉన్నాను. మనవల స్కూలు బూట్లకు ఆయనే పాలిష్ పెట్టేవారు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నన్ను ఏనాడూ ఏకవచనంతో పిలవలేదు. నాకు చేతకానిదాన్ని చూసి నవ్వేసి ఊరుకోకుండా, కూర్చోబెట్టి నేర్పిన మనిషి ఆయన ఒక్కరే. ఆ రుణం తీరేది కాదు.

ఫోన్ పెట్టేశాక నాకు కళ్లముందు కదిలింది మాత్రం ఆ పరేడ్ రోజు. తల్లిదండ్రులు కూర్చున్న కుర్చీల ముందు నుంచి కవాతు చేస్తూ వెళ్తున్నాం. తల కుడికి తిప్పమన్నారు. మొదటి వరసలో తెల్ల పంచె, భుజాన కండువా. యూనిఫాం లేకపోయేసరికి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. ఉస్తాద్ గారు! రైళ్లు మారి కొవ్వూరు నుంచి వచ్చి, మా నాన్న కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చున్నారు. నేను ఎదురుగా వచ్చేసరికి లేచారు. తల మీద టోపీ లేకుండా సెల్యూట్ చేయకూడదు. అందుకని చేతులు రెండూ పంచెకు ఆనించి, గడ్డం పైకెత్తి, నేను దాటి వెళ్లేదాకా అలాగే కదలకుండా నిలబడ్డారు.