ఏడో నంబరు ఏడోదే

కృష్ణవేణిని అమెరికాలో, ప్లేనో ఊళ్ళో అందరూ శ్రీధర్ గారి మిసెస్ అనేవారు. ఆ మాట వింటే ఆమెకి ఒళ్ళు మండేది. హైదరాబాదులో నాలుగేళ్ళు ప్రోగ్రామర్‌గా చేసిన మనిషి. మొగుడి వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చాక ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. సరే, ఉద్యోగం వద్దన్నారు గానీ చేతులు కట్టెయ్యలేదు కదా! తెలుగు సంఘానికి వెబ్‌సైటు తనే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిపెట్టింది. ఊరికే రాసింది గనక అలుసైపోయింది, అది వేరే సంగతి.

ఆ సైటు వెనక ఒక మంట ఉంది. 2008 ఉగాది ప్రోగ్రాంలో కూతురు సాన్వి డాన్సు నాలుగోదన్నారు. తీరా చూస్తే వీళ్ళ పాప, వాళ్ళ బాబు అంటూ అందరినీ ముందుకు తోసి, సాన్విని చిట్టచివరికి నెట్టేశారు. ఈలోగా భోజనాలు పెట్టేశారు. హాలు హాలంతా లేచి ప్లేట్ల దగ్గరికి పోయింది. పిల్ల ఖాళీ కుర్చీలకి దణ్ణం పెట్టి దిగింది. కార్‌లో "ఐ యామ్ డన్, అమ్మా. ఇంక డాన్స్ చెయ్యను" అంది.

మరుసటి ఏడు బతిమాలి బామాలి పిల్లని ఒప్పించింది. ఈసారి నీ నంబరు ఎవరూ కదపరు, నాదీ పూచీ అని మాటిచ్చింది. ఆ మాట కోసమే సైటులో రిజిస్ట్రేషన్ పెట్టింది. ముందు పేరిచ్చినవాళ్ళకి ముందు నంబరు. ఆ నంబరే కీ, అంటే కంప్యూటర్‌కి గుర్తు; దాని పక్కన అంశం, పిల్ల పేరు. ఎవరైనా అంశం మార్చుకుంటే వాళ్ళు జాబితా చివరికి పోయి పడేవారు. కెసార్ట్ అనే ఒక్క లైను మళ్ళీ అందరినీ కీల ప్రకారం వరసలో నిలబెట్టేది. ఎవరి నంబరు వాళ్ళదే. పాటల ఫైళ్ళకీ అవే నంబర్లు. సాన్విది ఏడు.

సంఘం ప్రెసిడెంటు జగన్మోహన్ గారి మనవరాలి భరతనాట్యం, అలరిప్పు, ముప్పై ఒకటోది. ఆయన ఫోన్ చేసి, పాపని మొదట వేసెయ్యమ్మా అన్నారు. కుదరదంది. నంబరు మార్చేస్తే ఎవరు చూస్తారన్నారు. నేను చూస్తానండీ అంది. ఆయనకి చిర్రెత్తుకొచ్చింది.

"నీకిది టైంపాస్ అమ్మా. జాబ్ చేసేవాళ్ళు చూసుకుంటారులే. రవికుమార్‌కి పాస్‌వర్డ్ ఇచ్చెయ్యి."

సైటు సంఘానిది, ఇవ్వక తప్పలేదు. ఇచ్చేసి వంటింట్లో నిలబడి కోపంతో ఏడ్చింది. సాన్వికి మాత్రం చెప్పలేకపోయింది.

రవికుమార్ ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. పీహెచ్‌పీ ముట్టుకుని ఏళ్ళయింది. అంశాలని ఇంగ్లీషు అక్షరాల వరసలో పెడితే అలరిప్పు దానంతటదే మొదటికొస్తుంది, ఎవరూ నోరెత్తరు అనుకున్నాడు. కెసార్ట్ తీసేసి సార్ట్ పెట్టాడు. అలరిప్పు మొదటికొచ్చింది, నిజమే. కానీ ఆ సార్ట్ ఉందే, అది పాత కీలన్నిటినీ పారేసి సున్నా నుంచి కొత్త నంబర్లు వేస్తుంది. పెద్దమనిషి అది మర్చిపోయాడు.

శనివారం పొద్దున రిహార్సల్. మనవరాలు పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద నిలబడింది. పాట రాలేదు. సున్నా నంబరు పాట ఉంటే కదా రావడానికి! తర్వాత కోలాటానికి ఎవరిదో శ్లోకం, శ్లోకానికి సినిమా పాట. పిల్లల ఏడుపులు, తల్లుల కేకలు. సాన్వి తల్లి వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

రవికుమార్ తల దించుకుని వచ్చి, మీరే ఫిక్స్ చేయండి ప్లీజ్ అన్నాడు. వెనకాలే జగన్మోహన్ గారు. కృష్ణవేణి స్టేజీ అంచున కూర్చుని పది నిమిషాల్లో పాత లైను పెట్టింది. ఆయన ఇంకా ఆగక, పాపది మాత్రం కాస్త ముందు చూడమ్మా అని గొణిగారు. ఆమె జాబితాలో ఇంకో అంశం చేర్చింది.

"భోజనాలకి కూడా నంబర్ ఇచ్చానండీ. తొంభై తొమ్మిది. చివరి పిల్ల స్టేజీ దిగాకే తలుపు తీసేది. మీ మనవరాలు ముప్పై ఒకటే, కానీ నిండు హాల్లో చేస్తుంది. ఓకే అంటే సేవ్ చేస్తా. కాదంటే రేపు జాబ్ ఉన్నవాళ్ళతో నడిపించుకోండి."

ఆయన మనవరాలి వైపు చూశారు. పిల్ల ఇంకా ముక్కు చీదుకుంటోంది. సేవ్ చెయ్యమ్మా అన్నారు.

ఆదివారం సాన్వి ఏడోదిగానే వచ్చి, ఏడోదిగానే ఆడింది. కృష్ణవేణి ఆ చప్పట్లు విని, ఇరవయ్యో నంబరు అవుతుండగా భోజనాల హాలు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. లోపల్నుంచి పులిహోర ఘుమఘుమలు. జనం సణిగారు, గడియారాలు చూపించారు. ససేమిరా అంది. ఒక భారీకాయం అంకుల్ ఆమెని పట్టించుకోకుండా తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

సాన్వి ఎప్పుడొచ్చిందో, ఇద్దరి మధ్యా దూరి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అంకుల్, గో సిట్, ప్లీజ్. ఇంకా ఫోర్ కిడ్స్ ఉన్నారు."

ఆయన చెయ్యి తీసి, వెళ్ళి కూర్చున్నాడు.