డబ్బా మోతకు వచ్చే మొసలి

వెల్డింగు షాపాయన్ని ఊళ్లో అందరూ బోనాయన అంటారు. ఆ పేరు గొప్ప పని చేసినందుకు వచ్చిందే. కానీ దాంతో వేగడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

ఏరు సముద్రంలో కలిసే చోట ఆయన తమ్ముణ్ణి ఉప్పునీటి మొసలి లాక్కుపోయింది. లారీలో పడుకోబెడితే తోక బయటికి వేలాడేంత మొసలి. వలలు వేసినవాళ్లంతా చేతులెత్తేశారు. అప్పుడు బోనాయన ఇనుపకమ్మీలతో బోను చేసి ఒడ్డున దించాడు. తలుపు మాత్రం వేయలేదు. రోజూ సాయంత్రం ఖాళీ నూనె డబ్బాను కడ్డీతో కొట్టడం, బోనులో మాంసం పడేయడం, ఇదే పని. మోత వింటే చాలు, మొసలి తనంతట తానే వచ్చి దూరేదాకా మప్పి, ఒకరోజు తలుపు దించేశాడు. ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఆయన అమ్మ మాత్రం, "ఇక చంపేస్తారుగా?" అని అడిగింది.

చంపలేదు. చట్టం ఒప్పుకోదట. అటవీశాఖ వాళ్లు ఊరి చివర సిమెంటు తొట్టి కట్టి అందులో వదిలారు. తీరా చూస్తే అది మేత ముట్టదు. ఎవరు డబ్బా కొట్టినా అడుగునే పడి ఉంటుంది. బోనాయన తన చేత్తో డబ్బా మీద నాలుగు దెబ్బలు వేస్తేనే తేలి నోరు తెరుస్తుంది. ఇక చూడండి, కుడితిలో పడ్డ ఎలుకైంది ఆయన బతుకు. పెళ్లికి పోవాలన్నా, జ్వరమొచ్చి పడుకోవాలన్నా, సాయంత్రానికి అటవీశాఖ జీపు గుమ్మంలో ఉంటుంది.

ఇంట్లో ఉండేది తల్లీ కొడుకులే. వండి వడ్డించేది ఆయనే. ఒకరోజు అమ్మ కంచం పక్కకు జరిపేసింది.

"నా చిన్నోణ్ణి తిన్నదానికి మేత వేసే చేత్తో నాకు అన్నం పెట్టకురా."

ఆ మాట పడ్డాక ఆయన జీపెక్కడం మానేశాడు. అది తిండి లేక చస్తే పీడ వదులుతుందనుకున్నాడు. నెలలు గడిచాయి. చివరికి కాపలావాడు వచ్చి, సాయంత్రమయ్యేసరికి అది గోడకు మూతి ఆనించి కాచుకుంటోందని చెప్పాడు. చూసొద్దామనే వెళ్లాడు. ఎముకలు తేలి, నిజంగానే గోడవారన పడి ఉంది. పగ ఇసుమంతైనా తగ్గలేదు. తమ్ముడి మొహం కళ్లలోనే మెదులుతోంది. అయినా తన మోతను నమ్మి వచ్చినదాన్ని ఆ మోత కోసమే ఎదురుచూస్తూ చావనివ్వడానికి ప్రాణం ఒప్పలేదు. ఏడుస్తూనే డబ్బా అందుకున్నాడు.

ఆ చప్పుడు ఇంటిదాకా వినిపిస్తుంది. ఆయన వచ్చేసరికి అమ్మ ఆయన కంచం, చెంబు, చాప తెచ్చి అరుగు మీద పెట్టి ఉంది.

"రేపు కూడా వెళ్లాలమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

"తెలుసురా. అందుకే బయట పెట్టాను."