అన్నం మాన్పించిన మాస్టారు

మా జిమ్ మాస్టారు పోయేరని మొన్న ఆదివారం పొద్దున్న సెల్‌కి ఫోనొచ్చింది. అప్పుడు నేను దేవరాపల్లిలో చెరకు తోటకి నీళ్లు కడుతున్నాను. పార గట్టు మీద పడేసి అనకాపల్లి బయల్దేరేను.

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక రేకుల షెడ్డులో ఉండేది ఆయన జిమ్. కాలేజీకి వచ్చిన కొత్తలో చేరేను. కండలు పెంచాలని గుడ్లూ చికెనూ దండిగా తిని, అన్నం సగానికి తగ్గించేసేవాణ్ణి. ఆయన నా క్యారేజీ విప్పి చూసి నవ్వేరు. "గుడ్డు ఇటికిరా. అన్నం కూలోడు. కూలోణ్ణి పస్తుంచితే ఇటికిలు ఆటంతటవే గోడెక్కుతాయేటి?" అన్నారు. ప్రోటీన్, కార్బోహైడ్రేట్ అన్న మాటలు తరవాతెప్పుడో చదివేను. ఆ రెండిటి పొత్తు మాత్రం ఆ రోజే తలకెక్కింది. కసరత్తుకి ముందు చిలగడదుంప, అయ్యేక గుడ్లతో పాటు కడుపునిండా అన్నం. అదీ ఆయన పద్ధతి.

అలాంటి మనిషి ఒక్కసారి తన మాట తనే తప్పేరు. జిల్లా బాడీబిల్డింగ్ పోటీలకి ఆ షెడ్డు నుంచి మొట్టమొదట వెళ్తున్నది నేనే. అన్నం పూర్తిగా మాన్పిస్తే కండల గీతలు తేలతాయని వైజాగ్‌లో ఎవరో చెప్పేరట. ఆయన నమ్మేరు, మాన్పించేరు. ఎలా ఉందిరా అని రోజూ అడిగేవారు. తల తిరుగుతున్నా బాగానే ఉందనేవాణ్ణి. నాకూ కప్పు కావాలి మరి.

స్టేజీ మీద చేతులెత్తి నిలబడ్డం వరకే గుర్తు. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి, కనుబొమ్మ మీద కుట్లు, మంచం పక్కన మాస్టారు. మా అమ్మ వచ్చేక ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, తప్పంతా తనదేనని, కుర్రాణ్ణి ఏమీ అనొద్దని చెప్పేరు. అమ్మ ఒక్క మాటా అనలేదు. అననందుకే ఆయన మరీ కుంగిపోయేరనుకుంటాను.

ఆ తరవాత ఆయన ఎవర్నీ పోటీలకి పంపలేదు. నాకంటే బాగా తయారైనవాళ్లు బతిమాలేరు. కొందరు విసుగెత్తి వేరే జిమ్‌లకి పోయేరు. ఆయన పేరు చెప్పుకునే కప్పు ఒక్కటీ ఆ షెడ్డుకి రాలేదు. అదంతా నా మూలానేనన్న బాధ నన్ను వదల్లేదు.

పోయినేడు కలిసినప్పుడు ఉండబట్టలేక ఆ మాట ఎత్తేను.

"మాస్టారూ, తల తిరుగుతోందని దాచింది నేను కదా. మీ తప్పేటుంది?"

"కుర్రోడు దాత్తాడ్రా. కనిపెట్టాల్సినోణ్ణి నేను. నేనూ కప్పే సూసేను," అన్నారు.

ఆ తప్పులో నాకు రవ్వంత వాటా కూడా ఇవ్వలేదు.

చర్చి ప్రార్థన అయ్యేక సమాధి చేసి, అందరం మాస్టారి ఇంటికి వెళ్లేం. మాస్టారి భార్య నన్ను గుర్తుపట్టేరు. అన్నం ముందు చేసే ప్రార్థనలో ఆయన రోజూ నా పేరు తలచి, వాడు బాగుండాలని అడిగేవారట. ఇన్నేళ్లూ ఆ సంగతి నాకు తెలీదు.

పక్కింటివాళ్లు వండి తెచ్చిన అన్నం వడ్డించేరు. అందరం తలలు వంచేం. ఆ ఇంట్లో ప్రార్థన మొదలెట్టేది ఎప్పుడూ ఆయనే. ఎవరూ గొంతు విప్పలేదు. ఆవిడ కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నారు. విస్తళ్లలో అన్నం మీద ఆవిరి మెల్లగా తగ్గిపోతోంది.