ఫౌంటెన్ దగ్గర కుదిరిన బేరం

ఇరవై ఏళ్ళు దాటింది ఈ మాట చెప్పడం మొదలుపెట్టి. ఒక్కరు... ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా వినలేదు. ఇక్కడ క్రాన్‌బర్న్‌లో ఎవరింట్లో బార్బెక్యూ విందు జరిగినా, నేను "ఆ ఫౌంటెన్ దగ్గర..." అనగానే ఒకాయన చికెన్ తిప్పడానికి లేస్తాడు. ఇంకొకాయనకు ఫోనొస్తుంది. పోయిన దీపావళికి ఒక కుర్ర డాక్టరు నా భుజం తట్టి, నిద్ర సరిగ్గా పడుతోందా అంకుల్ అని అడిగాడు. అది కూడా గుర్తుంది నాకు.

ఇది జరిగింది. తిన్న అన్నం మీద ఒట్టు. కొడుకు మీద ఒట్టెయ్యమంటే మాత్రం వెయ్యను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

వైటుకే పని ముమ్మరంగా ఉన్న చలికాలం. అప్పుడు ఆస్ట్రేలియాలోనే వేరే ఊళ్ళో ఉండేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. చెబితే వెళ్ళి ఫొటో దిగి, "ఏమీ లేదే" అని నాకే పంపిస్తారు. ఖాదర్, నేను ఒకే ఆఫీసు, ఒకే ఫ్లాటు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం మా ఉద్యోగం. వాడిది నంద్యాల. వాళ్ళ నాన్న ఎద్దుల సంతలో దళారి. మాది ఒంగోలు పక్కన, ఎద్దుల్ని పెంచిన ఇల్లు. నా భార్య అప్పటికింకా అక్కడే ఉంది. ఐదో నెల.

ఆ రోజు ఆఫీసు నుంచి బయటికొచ్చి, ఫోన్ కార్డుతో ఆమెతో మాట్లాడాను. ఇవాళ ఏరువాక పున్నమి, మామయ్యగారు ఎద్దుల కొమ్ములకు రంగులేస్తున్నారు అంది. ఆ మాట ఖాదర్‌కి చెబితే, మనమూ ఎద్దుల్ని చూసొద్దాం పదన్నా అన్నాడు. నది ఒడ్డు పార్కులో పెద్ద ఫౌంటెన్ ఉంది, దాని మీద కంచు ఎద్దులున్నాయని వాడికెవరో చెప్పారట.

వెళ్ళేసరికి చీకటి. జూన్‌లో ఇక్కడ అంతే, ఆఫీసు వదిలేసరికే రాత్రి. చంద్రుడింకా చెట్లెక్కలేదు. పార్కులో మేమిద్దరమే.

ఎద్దులు... ఏం చెప్పను. నాలుగు. ఒక్కొక్కటి మా దూడల కొట్టమంత. మెడలు వంచి కాడి లాగుతున్నాయి. వెనక నాగలి పట్టుకుని ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకుని, చేతిలో కొరడా. నాగలి కర్రు కింద నుంచి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. ఎద్దుల ముక్కుల్లోంచి సన్నగా తుంపర. నిజంగా రొప్పుతున్నట్టే ఉంది.

ఖాదర్‌కి హుషారొచ్చింది. "అమ్ముతావా అన్నా?" అన్నాడు.

సంతలో బేరం ఎలా చేస్తారో తెలుసుగా. తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదని. అంతసేపూ చేతుల వైపు చూడరు, మొహాలూ చూడరు. ఎద్దునే చూస్తారు. పిడికిలి మొత్తం పట్టి గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ఉండదు.

మా ఇంట్లో ఏరువాక నాడు ఎద్దును అమ్మే మాటే ఎత్తరు. తెలుసు నాకు. అయినా జాకెట్టు విప్పి కుడి చేతి మీద కప్పుకున్నాను. చెయ్యి చాచి, సంతలో మా నాన్న గొంతు ఎలా ఉంటుందో అలా అన్నాను. "ఇంట పుట్టిన గిత్త. కొన్నది కాదు. మనసుంటే తోలుకుపో."

ఏ గిత్తో చెప్పలేదు. అది గుర్తుపెట్టుకోండి.

ఎద్దును చూస్తూ నిలబడ్డాను. జాకెట్టు కిందికి చెయ్యి వచ్చింది.

చల్లగా... తడిగా. ఖాదర్ నీళ్ళలో ముంచి పెట్టాడనుకున్నాను. నవ్వొచ్చింది. ఒక్కో వేలూ తడిమింది. తొందర లేదు... చూపుడు వేలు... మధ్య వేలు... అప్పుడు తెలిసింది, ఆ అరచేతి నిండా కాయలు. నాగలి మేడి పట్టిన చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్నది అంతే. ఖాదర్‌ది కీబోర్డు కొట్టే చెయ్యి. పైగా వాడి ఉంగరం వేలికి పచ్చరాయి ఉంగరం ఎప్పుడూ ఉంటుంది. ఈ వేలికి లేదు.

నీళ్ళ చప్పుడు తగ్గినట్టనిపించింది. రొప్పు మాత్రం వినిపిస్తోంది.

పిడికిలి మొత్తం పట్టింది. నొక్కింది.

"అన్నా, ఇటు దా." ఫౌంటెన్‌కి అవతలి వైపు నుంచి... ఖాదర్ గొంతు. "ఈ ఎద్దుకు పళ్ళు కూడా పెట్టినారు."

చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. ఉందనే అంటాను. తల తిప్పలేదు... తిప్పలేకపోయాను. మెల్లగా... ఒక్కో వేలూ వదిలింది.

ఖాదర్ చుట్టూ తిరిగి వచ్చేసరికి నేనక్కడే నిలబడి ఉన్నాను. జాకెట్టు లోపలి గుడ్డ మోచేతి దాకా తడి. వాడే పిండి చూశాడు. తర్వాత లైటు కిందున్న రాతి పలకను వాడే చదివాడు. అదేదో యూరప్‌లో ఉత్తరాది దేశాల పురాణం. ఒక పగలూ రాత్రీ దున్నినంత నేల నీదే అని రాజు దేవతకు మాటిచ్చాడట. ఆమె తన నలుగురు కొడుకుల్నీ ఎద్దుల్ని చేసి కాడికి కట్టిందట.

కొడుకుల్ని.

కారెక్కాక ఖాదర్ ఒక్కటే మాటన్నాడు. "నా చెయ్యి కాదన్నా. ఎవరికీ చెప్పొద్దు."

చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ ఏడే కొడుకు పుట్టాడు. వాడి మొదటి పుట్టినరోజుకి పదిమందిలో చెప్పాను. అప్పుడు ఖాదర్ ఏమన్నాడో తెలుసా? పగలబడి నవ్వి, "నా చెయ్యే! నొక్కేసి అటు పరుగెత్తినా. అన్న ఇంకా వణుకుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నా భార్య కూడా.

అందరూ వెళ్ళాక గుమ్మంలో పట్టుకుని అడిగాను, మరి కారులో కాదన్నావేంరా అని. గుర్తులేదన్నా అన్నాడు.

నా కొడుకు బాగానే ఉన్నాడు. యూనివర్సిటీ చదువు అయిపోయింది, ఉద్యోగం చేస్తున్నాడు. కానీ చిన్నప్పటి నుంచీ వాడి మెడ వెనక అరచెయ్యంత గరుకు. కాడి ఆనే చోట. ఎగ్జిమా అన్నారు, క్రీములిచ్చారు. తగ్గుతుంది, మళ్ళీ చలికాలంలో వస్తుంది. అడిగితే "ఇట్స్ నథింగ్, నాన్నా" అంటాడు. ఎగ్జిమానే అయి ఉండొచ్చు. కాదని నేననను. కానీ బేరం కుదిరాక కొన్నవాడు ఊరుకోడు, తోలుకెళ్ళడానికి వస్తాడు. జూన్ పున్నమికి నేను వాడి గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఖాదరూ, ఇది నీ కోసమే. నీ పెళ్ళికి వచ్చాను. పండగలకు నా ఇంటికొస్తావు, నా కొడుకు నిన్ను అంకుల్ అంటాడు. కానీ ఆ రాత్రి తర్వాత ఒక్కసారైనా నాతో చెయ్యి కలిపావా? గుండె మీద చెయ్యి పెట్టి సలాం అంటావు, అంతే. నేను గమనించలేదనుకున్నావా?

ఆ చెయ్యి నీదైతే ఔనను. బేరం మనిద్దరి మధ్య ఆట, అక్కడితో సరి. కాకపోతే కాదను. నేనెవరికి మాటిచ్చానో వెతుక్కుంటాను. ఈసారి పదిమందిలో వద్దు, నవ్వొద్దు.

నా చేతిలో చెయ్యి పెట్టి చెప్పు.